ఎంక్యాట్ బయో–బయోకెమ్ ట్యూషన్: గంట ఫీజు దేనికి కట్టొచ్చు, దేనికి అక్కర్లేదు

అమెరికాలో మెడికల్ స్కూల్ సీటు కోసం రాసే ఎంక్యాట్‌లో బయాలజీ–బయోకెమిస్ట్రీ విభాగానికి విడిగా ట్యూషన్ పెట్టించే తెలుగు కుటుంబాలు డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఒక్కరికే కూర్చుని చెప్పే ట్యూటర్‌కి గంటకు 100 డాలర్లు దాటడం మామూలే. ప్యాకేజీ తీసుకుంటే వేలల్లో తేలుతుంది. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు, ఆ గంటలో ఏం జరుగుతుందన్న దాని గురించి. తీర్పు ముందే చెప్పేస్తున్నాం: పాఠాలు చెప్పించుకోవడానికైతే దండగ ఖర్చు. ప్యాసేజ్ (చదివి దాని కింది ప్రశ్నలకు జవాబు పెట్టాల్సిన చిన్న వ్యాసం) చేయించి, తప్పు ఎక్కడ పుట్టిందో పట్టించడానికైతే గిట్టుబాటే.

ముందు ఈ విభాగం లెక్క చూడండి. 95 నిమిషాలు, 59 ప్రశ్నలు. వాటిలో 44 ప్రశ్నలు 10 ప్యాసేజ్‌ల కింద వస్తాయి, 15 విడి ప్రశ్నలు. స్కోరు 118 నుంచి 132 మధ్య పడుతుంది. సిలబస్‌లో సుమారు 65 శాతం కాలేజీ తొలి ఏళ్ల బయాలజీ, 25 శాతం ఒక సెమిస్టర్ బయోకెమిస్ట్రీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ చెరో 5 శాతం. పరీక్ష పెట్టే ఏఏఎంసీ ప్రకటించిన ఈ లెక్కను ట్యూటర్లందరూ చెప్తారు. అదే సంస్థ ఇచ్చిన రెండో లెక్కను మాత్రం చాలామంది దాటేస్తారు: విషయం తెలుసా లేదా అని నేరుగా అడిగేవి 35 శాతమే. 45 శాతం ప్రశ్నలు తెలిసినదాన్ని కొత్త సందర్భానికి అన్వయించమంటాయి. ప్రయోగం ఎలా అమర్చారన్నది 10 శాతం, డేటా, గణాంకాలు మరో 10 శాతం. అంటే దాదాపు మూడింట రెండొంతుల ప్రశ్నలు బట్టీకి లొంగవు. ట్యూటర్ గంటను ఏ పాళ్లలో వాడుతున్నాడో ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే సగం సమీక్ష అయిపోయినట్టే.

పాఠాలతో నడిచే గంట ఎలా ఉంటుందంటే, స్లైడ్లు తెరుచుకుంటాయి. గ్లైకాలసిస్ (కణంలో గ్లూకోజ్‌ని విరిచే క్రమం) పది మెట్లు, క్రెబ్స్ సైకిల్ ఎనిమిది మెట్లు, ఒక్కో ఎంజైమ్ పేరు, రంగురంగుల బాణాలు. విద్యార్థి తల ఊపుతూ రాసుకుంటుంటాడు. అర్థమైనట్టే ఉంటుంది, అదే ఇబ్బంది. ఆ గంటలో పనంతా ట్యూటర్‌దే, విద్యార్థి చేసిందేమీ లేదు. ఇదే పాఠం ఖాన్ అకాడమీ వీడియోల్లో ఉచితంగా ఉంది, కావాల్సినచోట ఆపుకుంటూ చూడొచ్చు. గుర్తుపెట్టుకోవాల్సిన సరుకంతా ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల సాఫ్ట్‌వేర్ పని. అది కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో మాత్రం కొనాలి.

ఇక్కడ మంచి ట్యూటర్ చేసే పని పాఠం చెప్పడం కాదు, ఎంతవరకు చదివితే చాలో గీత గీయడం. గ్లైకాలసిస్‌లో వెనక్కి తిరగని మూడు మెట్లు హెక్సోకైనేజ్, పీఎఫ్‌కే–1, పైరువేట్ కైనేజ్‌వి. పీఎఫ్‌కే–1ని ఏటీపీ, సిట్రేట్ అణచివేస్తాయి, ఏఎంపీ, ఫ్రక్టోజ్ 2,6–బిస్‌ఫాస్ఫేట్ లేపుతాయి. ఉపవాసంలో గ్లూకగాన్ పెరిగితే కాలేయంలో ఆ ఫ్రక్టోజ్ 2,6–బిస్‌ఫాస్ఫేట్ తగ్గుతుంది, గ్లైకాలసిస్ మందగిస్తుంది, గ్లూకోనియోజెనెసిస్ (కొత్తగా గ్లూకోజ్ తయారీ) ఊపందుకుంటుంది. ఈ నియంత్రణ నోటికి వస్తే చాలా ప్యాసేజ్‌లు దారికొస్తాయి. ఇలా కాకుండా అన్నీ ముఖ్యమే అనే ట్యూటర్‌కి పరీక్ష తెలియదన్నమాట.

దీనికి మినహాయింపు ఒకటుంది. కాలేజీలో బయోకెమ్ తీసుకోనివాళ్లు, తీసుకుని మూడు నాలుగేళ్లు దాటినవాళ్లు. వాళ్లకి నాలుగైదు గంటల పాఠం ఇప్పించొచ్చు, అది కూడా అమైనో ఆమ్లాలు, ఎంజైమ్ కైనెటిక్స్, ఆమ్ల–క్షార లెక్కలు, తిన్నప్పుడు–పస్తున్నప్పుడు మెటబాలిజం ఎలా మారుతుందన్న వాటికే. నెఫ్రాన్, గుండె, హార్మోన్లు, రోగనిరోధకం లాంటివి సొంతంగా చదువుకోవచ్చు.

ఇప్పుడు డబ్బుకి తగ్గ గంట. పద్ధతి ఇలా ఉండాలి: మొదటి 5 నిమిషాలు వారంలో చేసిన తప్పుల పట్టీ. తర్వాత రెండు ప్యాసేజ్‌లు, గడియారం పెట్టి, ఒక్కోటి 8 నిమిషాలు. ఈ 8 ఎక్కడి నుంచి వచ్చిందంటే, 15 విడి ప్రశ్నలకు నిమిషం చొప్పున తీసేస్తే 95లో 80 మిగులుతాయి, వాటిని 10 ప్యాసేజ్‌లకు పంచితే 8. ఆ 16 నిమిషాలూ ట్యూటర్ నోరు విప్పకూడదు, స్క్రీన్ మాత్రం చూస్తుండాలి. విద్యార్థి ఎక్కడ ఆగాడు, ఏ బొమ్మను చూడకుండా ప్రశ్నలకు దూకాడు, ఏ జవాబు మార్చాడు, ఇవన్నీ రాసుకోవాలి. మిగిలిన సమయంలో ఎక్కువ భాగం సమీక్షకే. ఒప్పు పెట్టిన ప్రశ్నలు కూడా అందులో ఉండాలి, ఎందుకంటే తప్పుడు కారణంతో వచ్చిన ఒప్పు అసలు పరీక్షలో తప్పవుతుంది. ప్రతి ప్రశ్నకీ మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో విద్యార్థి చేతే చెప్పించాలి. ట్యూటర్ తానే చెప్పేస్తుంటే అది మళ్లీ పాఠమే.

ఉదాహరణకి ఒక మామూలు ప్యాసేజ్ తీసుకుందాం. ఒక ప్రోటీన్‌ను సైజ్ ఎక్స్‌క్లూజన్ క్రొమటోగ్రఫీలో చూస్తే 200 కిలోడాల్టన్ల దగ్గర వచ్చింది. రిడ్యూసింగ్ ఏజెంట్ (డైసల్ఫైడ్ బంధాన్ని తెంచే రసాయనం) లేకుండా ఎస్‌డీఎస్–పేజ్ (ప్రోటీన్లను బరువు ప్రకారం జెల్‌లో విడగొట్టే పద్ధతి) చేస్తే 100 దగ్గర ఒకే బ్యాండ్. బీటా–మెర్‌కాప్టోఇథనాల్ అనే రిడ్యూసింగ్ ఏజెంట్ కలిపితే 50 దగ్గర ఒకే బ్యాండ్. ప్రోటీన్ నిర్మాణం ఏమిటన్నది ప్రశ్న. జవాబు నాలుగు సబ్‌యూనిట్లు: రెండేసి డైసల్ఫైడ్ బంధంతో జతకట్టాయి, ఆ రెండు జతలు సమయోజనీయం కాని ఆకర్షణలతో కలిసి ఉన్నాయి. ఎస్‌డీఎస్ ఆ రెండో రకాన్నే విడదీస్తుంది, డైసల్ఫైడ్ జోలికి పోదు. ఇక్కడ తప్పు రెండు చోట్ల పుడుతుంది. కొందరు ఎస్‌డీఎస్ అన్నిటినీ విడదీస్తుందని పొరబడి, 100 బ్యాండ్‌ని ఒకే గొలుసు అనుకుని డైమర్ అని పెడతారు. ఇంకొందరికి విషయం తెలుసు, కానీ బొమ్మ కింది చిన్న అక్షరాల్లో ఏ జెల్‌లో ఏం కలిపారో చదవరు. ఇద్దరి జవాబూ ఒకటే, జబ్బులు వేరు. మొదటివాడికి అరగంట చదువు కావాలి. రెండోవాడికి ఎంత చదివించినా లాభం లేదు, బొమ్మ చదివే అలవాటు మార్చాలి. పట్టీలో ఇద్దరికీ ఎస్‌డీఎస్–పేజ్ తప్పు అని ఒకేలా రాసేస్తే ఆ పట్టీ చెత్తబుట్టకే.

మంచి ట్యూటర్ అక్కడితో వదలడు. డైసల్ఫైడ్‌లో ఉన్న సిస్టీన్‌ను సెరీన్‌గా మార్చితే రిడ్యూసింగ్ ఏజెంట్ లేని జెల్‌లో ఏం కనిపిస్తుందని అడుగుతాడు (50). 50 దగ్గర ఒకే బ్యాండ్ వస్తే సబ్‌యూనిట్లన్నీ ఒకటేనని తేలినట్టా అని అడుగుతాడు (కాదు, బరువు ఒకటేనని మాత్రమే). కాలమ్‌లో పెద్ద ప్రోటీన్ ముందు దిగుతుందా, చిన్నదా అని అడుగుతాడు (పెద్దదే, చిన్నవి పూసల రంధ్రాల్లోకి దూరి ఆలస్యమవుతాయి). ఒక ప్యాసేజ్ నుంచి ఇన్ని కొమ్మలు తీయగలిగితే గంట ఫీజు న్యాయమైనదే.

ఫాస్ఫొరైలేషన్ (ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలించడం) ప్యాసేజ్‌లు కూడా ట్యూటర్‌ని తూచడానికి బాగా పనికొస్తాయి. ఎస్215ఏ అని కనిపిస్తే 215వ చోట సెరీన్ పోయి అలనీన్ వచ్చిందని, ఇక అక్కడ ఫాస్ఫేట్ తగలదని అర్థం. ఎస్215డీ అయితే ఆస్పార్టేట్ వచ్చింది, దాని రుణావేశం ఎప్పుడూ ఫాస్ఫేట్ తగిలినట్టే నటిస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టారంటే పరిశోధకులు ఏం తేల్చాలనుకున్నారో విద్యార్థి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. అమైనో ఆమ్లాల ఏకాక్షర సంకేతాలు తడుముకునేవాళ్లకి ఇక్కడే నిమిషాలు కారిపోతాయి. ఇరవై పేర్లు, మూడక్షరాలు, ఒక్క అక్షరం, పక్క గొలుసు స్వభావం, ఇవి ట్యూషన్ మొదలుపెట్టకముందే పూర్తి కావాలి. వీటిని గంట ఫీజు కట్టి అప్పజెప్పించుకోవడం విడ్డూరం.

ఆవేశం లెక్కల్లో ఎక్కువమంది జారేది హిస్టిడిన్ దగ్గర. దాని పక్క గొలుసు పీకేఏ (సగం ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 6 చుట్టుపక్కల, కాబట్టి 7.4 పీహెచ్ దగ్గర దాదాపు తటస్థమే. లైసిన్–గ్లూటమేట్–హిస్టిడిన్–ఆర్జినిన్ పెప్టైడ్‌కి రెండు చివరలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, లైసిన్ +1, గ్లూటమేట్ –1, ఆర్జినిన్ +1, మొత్తం +1. హిస్టిడిన్ బేసిక్ అని బట్టీ పట్టినవాళ్లు +2 పెడతారు, ఆప్షన్లలో +2 తప్పకుండా ఉంటుంది.

కైనెటిక్స్‌లో పట్టిక అందరికీ వచ్చు: ఎంజైమ్‌ని అడ్డుకునే పదార్థం (ఇన్హిబిటర్) కాంపిటీటివ్ అయితే కేఎం (సగం గరిష్ఠ వేగానికి కావాల్సిన సబ్‌స్ట్రేట్ గాఢత) పెరుగుతుంది, వీమ్యాక్స్ (గరిష్ఠ వేగం) మారదు, నాన్‌కాంపిటీటివ్ అయితే వీమ్యాక్స్ తగ్గుతుంది, కేఎం మారదు, అన్‌కాంపిటీటివ్ అయితే రెండూ తగ్గుతాయి. లైన్‌వీవర్–బర్క్ గ్రాఫ్ (వేగం, గాఢతల తలకిందుల విలువలతో గీసేది) ఇవ్వగానే తడబాటు. ఎక్స్ అక్షాన్ని గీత తాకే చోటు –1/కేఎం, అందుకే కేఎం పెరిగితే ఆ చోటు సున్నాకి దగ్గరవుతుంది. కుడివైపు జరిగింది గనక ఏదో తగ్గిందనుకోవడం ఇక్కడి మామూలు తప్పు. కోలుకోనివ్వకుండా ఎంజైమ్‌కి అతుక్కుపోయే విషం సంగతి ఇంకా కొంటెది: మిగిలిన ఎంజైమ్ మామూలుగానే పనిచేస్తుంది, కాబట్టి వీమ్యాక్స్ పడిపోతుంది, కేఎం కదలదు, గ్రాఫ్ నాన్‌కాంపిటీటివ్‌లాగే ఉంటుంది. డెమో క్లాసులో ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. పట్టిక చదివి చెప్పే ట్యూటర్ ఎవరో, గ్రాఫ్ గీసి చూపించే ట్యూటర్ ఎవరో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

హైదరాబాద్, విజయవాడల నుంచి ఆన్‌లైన్‌లో చెప్పే నీట్ లెక్చరర్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఫీజు తక్కువ, భాష కలుస్తుంది, బంధువుల ద్వారా దొరుకుతారు. ఫిజియాలజీలో వాళ్ల పట్టుకి పేరు పెట్టలేం. అయితే పరీక్ష వేరు. నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 బయాలజీవి, 720 మార్కుల్లో 360, ప్రశ్నల్లో చాలాభాగం ఎన్‌సీఈఆర్‌టీ వాక్యాల నుంచే. మొక్కల శరీరధర్మం, వర్గీకరణ, ఎకాలజీ అందులో ఉంటాయి, ఎంక్యాట్‌కి అవి అక్కర్లేదు. ముఖ్యంగా చూడాల్సింది ఒక చిన్న అలవాటు: నీట్‌లో తప్పుకి ఒక మార్కు కోత, కాబట్టి తెలియకపోతే వదిలెయ్యమని చెప్పడం అక్కడ న్యాయమే. ఎంక్యాట్‌లో కోత లేదు, ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలినా చేజేతులా పోగొట్టుకున్నట్టే. ఎంబీబీఎస్ చదివిన ట్యూటర్లకైతే ఇంకో జాడ్యం ఉంటుంది, ఎంజైమ్ పేరు వినగానే జబ్బు, మందు, మోతాదుల్లోకి వెళ్లిపోతారు. వినడానికి బాగుంటుంది, పరీక్షలో ఆ వివరం అడగరు. మరి వాళ్లని పెట్టుకోవచ్చా? ఏఏఎంసీ ప్యాసేజ్‌లు తామే స్వయంగా, గడియారం పెట్టి చేసినవాళ్లయితే నిశ్చింతగా పెట్టుకోవచ్చు. చేయనివాళ్లయితే విషయం చెప్పించుకునే ఆ నాలుగైదు గంటలకే పరిమితం చేయండి. వేళ కూడా చూసుకోండి: వేసవిలో న్యూయార్క్‌లో రాత్రి 8 అంటే హైదరాబాద్‌లో మర్నాడు తెల్లవారుజామున 5:30, చలికాలంలో 6:30.

మెటీరియల్ వాడకంలో ట్యూటర్లు చేసే పెద్ద తప్పు ఏఏఎంసీ ప్రశ్నల్ని తొందరగా ఖర్చు చేయడం. అసలు పరీక్ష పెట్టేవాళ్లే తయారుచేసిన ప్రశ్నలవి, పరిమితంగా ఉంటాయి, ఒకసారి చూశాక రెండోసారి స్కోరుని నమ్మలేం. మొదటి నెలల్లో యూవరల్డ్ లాంటి బయటి ప్రశ్నలతో సాధన చేయించి, ఏఏఎంసీ సెక్షన్ బ్యాంక్ (విభాగాలవారీ సాధన ప్రశ్నలు), ఫుల్ లెంగ్త్ (మొత్తం పరీక్ష నమూనా) పరీక్షలు చివరి ఆరేడు వారాలకు అట్టేపెట్టాలి. సెక్షన్ బ్యాంక్‌లోని బయో–బయోకెమ్ ప్రశ్నలు ప్రయోగాలతో కిక్కిరిసి ఉంటాయి, ట్యూటర్‌తో కూర్చుని విప్పుకోవడానికి వాటిని మించినవి లేవు. మొదటి క్లాసులోనే ఫుల్ లెంగ్త్ తెరిచి ప్రశ్నలు విడివిడిగా చెప్పే ట్యూటర్‌ని ఆపేయండి. ఆదాయం తక్కువున్న కుటుంబాలు ఏఏఎంసీ ఫీజు సహాయ పథకం అర్హతలు ముందు చూసుకోవాలి, అది దొరికితే ఈ మెటీరియల్ కూడా దానితోపాటే వస్తుంది.

ఇంకో గమనిక. అసలు పరీక్షలో ఈ విభాగం మూడోది. మూడు గంటలకు పైగా రాసి, అరగంట భోజన విరామం తీసుకున్నాక మొదలవుతుంది. విడిగా చేస్తే 129 వచ్చి, ఫుల్ లెంగ్త్‌లో 126 దగ్గర ఆగిపోయేవాళ్లకి లోపం బయాలజీలో లేదు. వాళ్లకి ట్యూటర్ కంటే శనివారం ఉదయం 8 గంటలకి మొదలుపెట్టి మొత్తం పరీక్ష రాసే క్రమశిక్షణ అవసరం. నిజాయితీ ఉన్న ట్యూటర్ ఈ మాట చెప్పి గంటలు తగ్గిస్తాడు.

తప్పుల పట్టీని ట్యూటర్ కాదు, విద్యార్థి రాయాలి. ఐదు గడులు చాలు: విషయం తెలియలేదు, ప్యాసేజ్ వాక్యం తప్పుగా చదివాడు, బొమ్మ లేదా అక్షం తప్పుగా చదివాడు, ప్రశ్నలో నాట్, లీస్ట్, ఎక్సెప్ట్ లాంటి మాట చూడలేదు, ప్యాసేజ్‌లో ఉన్నదాన్ని వదిలి బయటి జ్ఞానంతో జవాబు పెట్టాడు. రెండు వారాలు నింపితే ఏదో ఒక గడి ఉబ్బుతుంది. తర్వాతి గంటలన్నీ ఆ గడి మీదే నడవాలి. బాగా చదివే పిల్లల్లో ఆఖరి గడి ఉబ్బడం మామూలు, బోలెడు తెలిసి ఉండటమే వాళ్లకి అడ్డం.

హామీల గురించి. స్కోరు పెరక్కపోతే డబ్బు వాపస్ అని రాసి ఉంటే కింది షరతులు చదవండి. హోంవర్కు మొత్తం, పరీక్షలన్నీ, క్లాసులన్నీ పూర్తిచేస్తేనే వర్తిస్తుందని, వాపస్ బదులు కోర్సు మళ్లీ ఉచితమని ఉండొచ్చు. ట్యూటర్‌కి 132 వచ్చిందన్నది మంచి మాటే, కానీ అది తను రాయగలడన్నదానికి సాక్ష్యం, మీ అమ్మాయి ఎందుకు తప్పు పెట్టిందో చూడగలడన్నదానికి కాదు. పోయిన నెల పరీక్షలో వచ్చిన ప్రశ్నలు చెప్తాను అనేవాణ్ని దగ్గరికి రానివ్వకండి. పరీక్ష రాసేవాళ్లు ప్రశ్నలు బయటపెట్టబోమని ఒప్పందం చేస్తారు, అందులో ఇరుక్కుంటే నష్టపోయేది విద్యార్థే.

ఎన్ని గంటలు కొనాలి? ఫుల్ లెంగ్త్‌లో ఈ విభాగం స్కోరు 123 లోపు ఉంటే ముందు చదువు పూర్తిచేయాలి, ప్యాసేజ్ ట్యూషన్ తొందరపాటు. 124 నుంచి 127 మధ్య ఇరుక్కున్నవాళ్లకి దీనివల్ల మేలు ఎక్కువ, వారానికి ఒకటి రెండు గంటల చొప్పున ఎనిమిది పది వారాలు సరిపోతాయి. 129 దాటితే అప్పుడప్పుడు ఒక గంట చాలు. ఏడాదిలో మూడుసార్లు, వరుసగా రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితంలో ఏడుసార్లు మాత్రమే ఈ పరీక్ష రాయనిస్తారు. రాశాక స్కోరు వద్దని రద్దు చేసుకున్నా, రిజిస్టరై వెళ్లకపోయినా ఆ ఛాన్సు లెక్కలో పడుతుంది. అందుకే సాధన స్కోరు రాకుండా తేదీ దగ్గరపడితే, ట్యూటర్ గంటలు పెంచడం కంటే గడువులోపు తేదీ మార్చుకోవడం చవక. నలభై, యాభై గంటల ప్యాకేజీ ఒకేసారి కొనమంటే ముందు పది గంటలకే కట్టండి. వాడని గంటల డబ్బు తిరిగిస్తారా, ట్యూటర్ మధ్యలో మారితే ఏం చేస్తారు, ఈ రెండింటికీ జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి.